పర్లాకిమిడి గ్రంథాలయానికి ఉచితంగా సైటు చేస్తున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి?

గజపతి కోడర్లు:
మేం ముగ్గురం, ఒకరిది డిజైను, ఇద్దరిది కోడు. ఒడిశాలోని పర్లాకిమిడిలో ఒక చిన్న తెలుగు గ్రంథాలయ సంఘానికి పైసా తీసుకోకుండా సైటు చేసిపెడతామని మాటిచ్చాం. మూడు నెలలపాటు వారానికి ఐదు గంటలు ఇవ్వగలం. వాళ్ల దగ్గరున్నవి 2,000 పుస్తకాల జాబితా, పాత కరపత్రాలు. అన్నీ పేజ్‌మేకర్ అనే పాత అచ్చు సాఫ్ట్‌వేరులో, అను ఫాంట్లతో ఉన్నాయి. చదివేవాళ్లంతా ఫోన్లోనే. ఒడియా పేజీ కూడా అడుగుతున్నారు. సైట్లు కట్టే ఉచిత సాఫ్ట్‌వేరు వర్డ్‌ప్రెస్ పెట్టేస్తే సరిపోతుందా? మేం తప్పుకున్నాక కూడా సైటు నడవాలి.

బరంపురం వెబ్:
వర్డ్‌ప్రెస్ వద్దండి. మీరు వెళ్లాక ప్లగిన్లు (దానికి తగిలించే అదనపు ప్రోగ్రాములు) అప్‌డేట్ చేసే మనిషి ఉండరు, ఆ సందులోంచే హ్యాకర్లు దూరతారు. మామూలు హెచ్‌టీఎంఎల్ పేజీలు చేసి గిట్‌హబ్ పేజెస్ అనే ఉచిత సేవలో పెట్టండి. ఖర్చు లేదు, సైటు 1 జీబీ లోపు ఉంటే చాలు.

కోడు ముట్టుకునే ముందే డొమైను (సైటు చిరునామా) కొనండి, అదీ సంఘం పేరు మీద, సంఘం ఈమెయిలుతో. ఉచిత పనులు ఎక్కువగా ఇక్కడే చెడతాయి: వలంటీరు సొంత కార్డుతో కొంటాడు, రెన్యువల్ మెయిలు అతనికే వెళ్తుంది, అతను ఉద్యోగం మారతాడు. డాట్ ఆర్గ్ చిరునామా గడువు దాటి రిడెంప్షన్లో (పోయిన పేరుని తిరిగి తీసుకోగల చివరి దశ) పడితే 30 రోజులే గడువు, అదనపు రుసుము కూడా కట్టాలి. పాస్‌వర్డులు కార్యదర్శి, కోశాధికారి ఇద్దరి దగ్గరా ఉండాలి. సంఘం ఈమెయిలు జీమెయిలైతే దాన్ని అప్పుడప్పుడు తెరవమని చెప్పండి. రెండేళ్లు వాడకపోతే గూగుల్ ఖాతాని తీసేయవచ్చు.

రాయగడ లిపి:
మీ మూడు నెలల్లో సగం అను ఫాంట్లే తినేస్తాయి, ముందే లెక్కేసుకోండి. అవి ఇంగ్లిషు అక్షరాల కోడ్ల మీద తెలుగు బొమ్మలు అతికించిన ఫాంట్లు. వాటిని యూనికోడ్‌లోకి (ఇప్పటి ఫోన్లన్నీ చదివే అక్షరాల కోడ్లు) మార్చే కన్వర్టర్లో వేశాక 'స్త్రీ' లాంటి మాటలు చూడండి. యూనికోడ్‌లో హల్లులన్నీ అయ్యాకే గుణింతపు గుర్తు వస్తుంది. పాత ఫాంట్లో 'సీ' ముందు, వత్తులు వెనక. కన్వర్టరు ఆ వరస మార్చకపోతే వత్తు పక్కన చుక్కల వలయం కనబడుతుంది. ఆ వలయాన్ని వెతికితే తప్పులు చాలావరకు దొరుకుతాయి. మిగతావి మనిషి కూర్చుని చదవాల్సిందే.

జాబితాని గూగుల్ షీటులో పెట్టి సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన మామూలు టెక్స్టు ఫైలు) తీయండి. యూనికోడ్‌ని ఫైల్లో రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు అక్షరం 3 బైట్లు. పుస్తకానికి 60 అక్షరాలనుకుంటే 2,000 పుస్తకాలకి 360 కేబీ, జిప్ అయ్యాక ఇంకా తగ్గుతుంది. కాబట్టి వెతుకులాట ఫోన్లోనే నడుస్తుంది, సర్వరు అక్కర్లేదు. పేరుని ఇంగ్లిషు అక్షరాల్లో రాసిన కాలమ్ ఇంకోటి పెట్టండి, చాలామంది అలాగే టైపు చేస్తారు. పోల్చేటప్పుడు రెండు వైపులా జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలవకుండా ఆపే, కంటికి కనబడని గుర్తు) తీసేయండి. లేకపోతే కళ్లెదుట ఉన్న పుస్తకం కూడా దొరకదు.

ఆండ్రాయిడ్‌లో తెలుగు ఫాంటు ఎలాగూ ఉంటుంది, వెబ్ ఫాంటు దింపించకండి. వరస ఎత్తు అక్షరం సైజుకి 1.7 రెట్లు ఉంచండి, తక్కువైతే పై వరస వత్తులు కింది వరస మీద పడతాయి.

గజపతి కోడర్లు:
రాయగడ గారూ, ఆ వలయం ఇప్పటికే కనబడింది! ఇక్కడి గిరిజనుల భాష సవరలో కూడా పేజీ పెడితే బాగుంటుందని ఒకరన్నారు. పిల్లల ఫొటోలు పెట్టొచ్చా?

గుణుపురం 77:
సవర తప్పక పెట్టండి. సవరకి నిఘంటువు కట్టిన గిడుగు రామమూర్తి గారు బతికిన ఊరు మీది. సవర రాసే సొరా సొంపెంగ్ లిపి 2012లో యూనికోడ్‌లోకి వచ్చింది, ఆ ఫాంటు ఫైలు మాత్రం సైటుతోనే పంపడం మేలు. అయితే ఆ లిపిలో కావాలో, ఒడియా లిపిలో కావాలో ముందు సవరవాళ్లనే అడగండి. అనువాదం యంత్రానికి వదలొద్దు, ఒడియా పేజీని కూడా ఒడియా చదివే మనిషి చూశాకే ఎక్కించండి.

పిల్లల సంగతికొస్తే, 2023 డేటా రక్షణ చట్టం లెక్కలో 18 నిండనివాళ్లంతా పిల్లలే, తల్లిదండ్రుల అంగీకారం కావాలి. కాగితం మీద సంతకం తీసుకోండి. ఫొటో కింద పేరు, బడి కలిపి రాయకండి. బీరువాల ఫొటోలు ఎన్నైనా పెట్టుకోవచ్చు.