ఇంట్లో పిల్లి ఉంటే సినిమా సౌండ్ తగ్గించాలా?

పద్మారావునగర్ పాతపాటలు
మాది చిన్న ఫ్లాటు. మనుషులం ఇద్దరం, పిల్లులు రెండు. పెద్దదాని పేరు బెల్లం, చిన్నది గసగసాలు. రెండూ ముఖంతోనే మాట్లాడతాయి. సాయంత్రం నేను ఘంటసాల పద్యాలు పెడితే బెల్లం వచ్చి ఆంప్లిఫయర్ పక్కన కూర్చుని కళ్ళు అరమోడ్చి వింటుంది. శనివారం రాత్రి మా వారు యాక్షన్ సినిమా పెట్టి వూఫర్ పెంచారంటే గసగసాలు చెవులు పక్కలకి వాల్చేసి మంచం కిందికి దూరుతుంది. సినిమా అయిపోయినా ఓ పట్టాన బయటికి రాదు.

మా వారు అనేది: "నాలుగు సినిమాలు చూస్తే అదే అలవాటు పడుతుంది. సినిమా అన్నాక ఆ మాత్రం సౌండ్ ఉండాలి." నేననేది: అది అంత స్పష్టంగా చెబుతుంటే పట్టించుకోకపోతే ఎలా? ఈ గొడవ మా ఇంట్లో తేలేలా లేదు. మీరు ఎవరి పక్షం?

సబ్‌వూఫర్ శీను
అక్కా, నేను బావగారి పార్టీ. ఊరికే అనట్లేదు, లెక్కుంది. మన చెవి 20 హెర్ట్జ్ (అంటే సెకనుకి 20 కంపనాలు) దగ్గర్నుంచి వింటుంది. పిల్లి చెవి మొదలయ్యేదే 48 దగ్గర, అదీ గట్టిగా మోగితేనే. వూఫర్ చేసే పనంతా 80 లోపు. అంటే మీ గుండెల్లో దడదడలాడే ఆ మోతలో సగం గసగసాలకి వినపడదు. పాపం వూఫర్‌ని ఆడిపోసుకోకండి.

రామ్‌నగర్ జువాలజీ
శీనూ, అంకెలు కరెక్టే చెప్పావు. కానీ సగం చెప్పి ఆపేశావు. ఆ 48 నుంచి పైకి వెళ్తే పిల్లి వినికిడి 85,000 హెర్ట్జ్ దాకా ఉంటుంది. మనది 20,000 దగ్గర ఆగిపోతుంది, వయసు మీద పడితే అదీ ఉండదు. ఎలుకలు మనకి వినపడని కీచు గొంతుతో పిలుచుకుంటాయి. వాటిని పట్టడానికే పిల్లికి ఆ చెవులు. యాక్షన్ సినిమాలో అద్దం పగిలే చప్పుడు, కత్తులు రాసుకునే చప్పుడు, టైరు కీచుమనడం అన్నీ పిల్లి చెవి చురుగ్గా పనిచేసే చోటే పడతాయి.

ఇంకోటి, పిల్లి చెవులతో మాత్రమే వినదు. పాదాల్లో కంపనాలు పట్టే నాడీ కొసలు ఉంటాయి. వూఫర్‌ని గచ్చు మీద పెట్టి మోగిస్తే గది మొత్తం దాని పాదాల కింద అదురుతుంది. మనం సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుంటాం కాబట్టి మనకి ఆ సంగతి తెలియదు.

చిక్కడపల్లి సెకండ్ షో
సార్, పిల్లి కోసం సినిమా మూకీలో చూడమంటారా? నేను సంధ్య, సుదర్శన్ థర్టీఫైవ్ సినిమా హాళ్ళ మధ్యలో పెరిగినవాణ్ణి. హీరో ఎంట్రీకి సౌండ్ లేకపోతే ఆ సినిమా ఓటీటీలో చూసినా వేస్టే, హాల్లో చూసినా వేస్టే. మా పిల్లి ఫైట్ సీన్ మధ్యలో నా ఒళ్ళో గురక పెడుతుంది. అసలు పిల్లికి ముఖకవళికలు అనేవి మనం తగిలించినవి. ఆకలేసినా అదే ముఖం, అలిగినా అదే ముఖం.

మల్కాజిగిరి మ్యావ్
అదే ముఖం అన్నది తప్పండి. 2023లో ఇద్దరు పరిశోధకులు లాస్ ఏంజెలెస్‌లో ఒక క్యాట్ కెఫేలో 53 పిల్లుల్ని వీడియో తీసి కూర్చుని లెక్కపెట్టారు. 276 రకాల ముఖకవళికలు తేలాయి. వాటిలో 45 శాతం స్నేహంగా ఉన్నవి, 37 శాతం కయ్యానికి దిగేవి, మిగతావి రెంటికీ చెందనివి. చెవులు ముందుకి తిరిగి కళ్ళు మూసుకుంటే స్నేహం. చెవులు తలకి అతుక్కుని, కంటిపాప సన్నబడి, నాలుకతో పెదాలు తడుపుకుంటే దూరంగా ఉండమని. అక్క చెబుతున్న గసగసాల ముఖం రెండో రకానికి దగ్గరగా ఉంది.

రామ్‌నగర్ జువాలజీ
మంచి ఉదాహరణ. కాకపోతే ఆ 276 పిల్లికీ పిల్లికీ మధ్య లెక్క. స్పీకర్ మోత విని పిల్లి పెట్టే ముఖం గురించి అందులో ఏమీ లేదు. అందుకే ఈ విషయంలో నేను ముఖం కన్నా కాళ్ళని నమ్ముతాను. గది తలుపు తీసి ఉంచండి, మంచం కిందికీ బీరువా పైకీ దారి వదలండి, తర్వాత మీకు నచ్చింది పెట్టుకోండి. పిల్లి అక్కడే ఉంటే దానికి ఫర్వాలేదు. లేచి వెళ్ళిపోతే సౌండ్ ఎక్కువైంది. తలుపు వేసిన గదిలో పిల్లి కదలకుండా కూర్చుంటే మాత్రం అలవాటు పడిందనుకోవద్దు. భయపడ్డ పిల్లి కూడా కదలదు. సెకండ్ షో గారూ, మీ ఇంట్లో తలుపు తీసే ఉంటుందా?

చిక్కడపల్లి సెకండ్ షో
తీసే ఉంటుంది సార్. ఏసీ లేదు కదా.

పద్మారావునగర్ పాతపాటలు
మరి బెల్లం సంగతి? అది తనంత తానుగా వచ్చి కూర్చుంటుంది. అంటే దానికి ఘంటసాల నచ్చినట్టేగా? కాళ్ళతోనే ఓటేసింది.

సబ్‌వూఫర్ శీను
అక్కా, ఏమీ అనుకోనంటే ఒక మాట. ఆంప్లిఫయర్ పైన చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటుంది. బెల్లం వచ్చింది ఘంటసాల కోసం కాదు, ట్రాన్స్‌ఫార్మర్ కోసం. 😄

పద్మారావునగర్ పాతపాటలు
మే నెలలో కూడా అక్కడే కూర్చుంటుంది మరి! హైదరాబాద్ ఎండల్లో ఎవరికి కావాలండీ ఆ వెచ్చదనం?

రామ్‌నగర్ జువాలజీ
దానికి కావాలమ్మా. ఒంట్లో వేడి కాపాడుకోవడానికి శరీరం అదనంగా శ్రమ పడనక్కర్లేని ఉష్ణోగ్రత పిల్లికి 30 నుంచి 38 డిగ్రీలు. మనం ఫ్యాన్ కింద ఆపసోపాలు పడే వేడి దానికి సరిగ్గా హాయి. శీను చెప్పింది తేల్చుకోవడం తేలికే. ఆంప్లిఫయర్ ఆన్ చేసి పాట పెట్టకుండా వదిలేయండి. ఇంకో రోజు పాటని ఫోన్లో పెట్టి వేరే మూలన ఉంచండి. బెల్లం ఎటు పోతుందో చూడండి.

పాట నచ్చుతుందా అన్నదానికి 2015లో ఒక ప్రయత్నం జరిగింది. విస్కాన్సిన్‌లో స్నోడన్, సావేజ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు, డేవిడ్ టై అనే సెల్లో వాద్యకారుడు కలిసి చేశారు. పిల్లి గురగుర లయ, పాలు తాగే కూన చప్పుడు లయ తీసుకుని, పిల్లుల గొంతు స్థాయిలో సంగీతం కట్టారు. దాన్నీ, మన శాస్త్రీయ సంగీతాన్నీ (అంటే పాశ్చాత్యులది) 47 పెంపుడు పిల్లులకి వాటి ఇళ్ళలోనే వినిపించారు. పిల్లుల కోసం కట్టింది మోగితే స్పీకర్ దగ్గరికి వెళ్ళి ఒళ్ళు రుద్దాయి, స్పందించడానికి పట్టిన సమయం కూడా తక్కువ. మన సంగీతానికి భయపడలేదు, పారిపోలేదు. పట్టించుకోలేదంతే. నా అభిప్రాయం అడిగితే, బెల్లం మీ పాటల్ని సహిస్తోంది. అదేం చిన్న గౌరవం కాదు, మా ఇంట్లో నా పాటలకి అదీ దక్కదు.

బోయిన్‌పల్లి బాల్కనీ
ఇంత సున్నితంగా పెంచితే ఈ ఊళ్ళో ఎలా బతుకుతాయండీ? ఆషాఢం వస్తే బోనాల డప్పులు, తర్వాత నిమజ్జనానికి డీజే బండ్లు, ఆపైన దీపావళి. ఇంట్లో హోమ్ థియేటర్‌తో ముందే గట్టిపడితే మంచిది కదా. మా బామ్మ పెంచిన పిల్లులు లారీల హారన్ల మధ్యే పెరిగాయి.

మల్కాజిగిరి మ్యావ్
ఒకే రకంగా, ఒకే వేళకి వచ్చే చప్పుడుకి అలవాటు పడతాయి. మిక్సీ, కుక్కర్ విజిల్ అలాంటివే. కానీ ఎప్పుడొస్తుందో తెలియని పెద్ద చప్పుడు మళ్ళీ మళ్ళీ వస్తే భయం తగ్గకపోగా పెరగొచ్చు. యాక్షన్ సినిమాలో ఉండేదే అది. రెండు నిమిషాలు గుసగుసలు, ఆ వెంటనే బాంబు. మీ బామ్మగారి పిల్లులు చప్పుడు పడకపోతే గోడ దూకి పోయేవి. మూడో అంతస్తు ఫ్లాట్లో పిల్లి ఎటు పోతుంది?

సైనిక్‌పురి
పిల్లికి వయసెంతో కూడా చూడండి. ముసలి పిల్లుల్లో కొన్నింటికి చప్పుడు వల్లే ఫిట్స్ వస్తాయి. 2015లో బ్రిటన్ వైద్యులు 96 పిల్లుల వివరాలు ప్రచురించారు, మొదలైన సగటు వయసు 15 ఏళ్ళు. ఫిట్స్ ఎక్కువగా తెప్పించినవి కీచుమనే సన్నటి చప్పుళ్ళు. అల్యూమినియం ఫాయిల్ నలపడం, పింగాణీ గిన్నెలో స్పూను పడటం, కవరు గలగల. అంటే సినిమాలో బాంబు కన్నా చేతిలో చిప్స్ ప్యాకెట్‌ని ముందు అనుమానించాలి. మాది బాగా పెద్ద పిల్లి. స్నాక్స్ వంటింట్లోనే గిన్నెలో పోసి తెచ్చుకుంటాం.

పద్మారావునగర్ బావగారు
నమస్కారం. పైన అందరూ తిడుతున్న ఆ 'మా వారు' నేనే. కొత్తగా అకౌంట్ తెరిచాను. ఒక్క విషయం అడగాలి. రిసీవర్లో నైట్ మోడ్ అని ఒకటి కనపడింది. పెట్టి చూస్తే డైలాగులు గట్టిగా, బాంబులు చిన్నగా వస్తున్నాయి. గసగసాలు లేచి వెళ్ళి హాలు గుమ్మం దగ్గర ఆగింది, మంచం కిందికి పోలేదు. జువాలజీ సార్, దాన్ని ఏ ఓటు కింద లెక్కెయ్యాలి?

రామ్‌నగర్ జువాలజీ
చెల్లని ఓటు. ఇంకో రెండు పాయింట్లు తగ్గించి చూడండి.

సబ్‌వూఫర్ శీను
బావగారూ, వూఫర్ కింద మందపాటి ఫోమ్ ప్యాడ్ గానీ రబ్బరు బుష్‌లు గానీ వేయండి. గచ్చు అదరడం చాలా తగ్గుతుంది, కింద ఫ్లాట్ వాళ్ళు కూడా దీవిస్తారు. ఎంత వెతికినా నైట్ మోడ్‌కి మించింది లేదు. సినిమా హాలు ప్రమాణంలో ఒక్కో స్పీకర్ 105 డెసిబెల్స్ దాకా, బాస్ చానల్ 115 దాకా వెళ్ళేలా మిక్స్ చేస్తారు. ఇంట్లోని చిన్న హాల్లో అది పిల్లికే కాదు, మీకూ ఎక్కువే.

చిక్కడపల్లి సెకండ్ షో
శీనన్నా, నువ్వు కూడా పార్టీ మార్చేశావా! సరే, బావగారూ, మొదటి వారం సినిమాలు హాల్లో చూద్దాం రండి. క్రాస్‌రోడ్స్‌లో టికెట్ నేను తీస్తా. ఇంట్లో అక్క పద్యాలు నడవనీయండి.

పద్మారావునగర్ పాతపాటలు
ఆంప్లిఫయర్ ఖాళీగా ఆన్ చేసి పెట్టా. బెల్లం వచ్చి కూర్చుంది. శీనుకి ఈ సంగతి ఎవరూ చెప్పకండి.