ఏథెన్స్ నుంచి ఎజీనా దీవికి ఓడలో, ఒక్క రోజులో పోయి రావచ్చా?

అలిపిరి బాట
తిరుపతి నుంచి మే మొదటి వారంలో ఏథెన్స్ పోతా ఉండాం. 1వ తేదీ ఖాళీగా ఉంది. పిరేయస్ రేవులో పొద్దున ఓడెక్కి ఎజీనా చూసుకుని రాత్రికి తిరిగి రావాలని ఆలోచన. అమ్మానాన్నలకు అరవై దాటింది. అమ్మకు బస్సు పడదు. అందరం శాకాహారులం. ఫాస్ట్ బోటు మేలా, పెద్ద ఫెర్రీనా? అక్కడి పురాతన అఫయా దేవత గుడి చూసేంత టైం ఉంటుందా?

మామిడితోట, చిత్తూరు
ముందు తేదీ మార్చండి సామీ. మే 1న అక్కడి ఓడ సిబ్బంది సాధారణంగా సమ్మె చేస్తారు, ఫెర్రీలు కదలవు. పురాతన కట్టడాలు కూడా ఆ రోజు మూసేస్తారు.

అమ్మగారికి పెద్ద ఫెర్రీనే మేలు. ఫాస్ట్ బోటు, అంటే హైడ్రోఫాయిల్, 40 నిమిషాల్లో చేరుస్తుంది, ఫెర్రీకి గంటా పావు దాకా పడుతుంది. కానీ హైడ్రోఫాయిల్‌లో అద్దాల లోపలే కూచోవాలి, గాలాడదు. సముద్రం ఎగిసినప్పుడు ముందు ఆపేసేదీ దాన్నే. ఫెర్రీలో పై డెక్ మీద, ఓడ నడిమధ్యన కూచుని దూరంగా గట్టు వైపు చూస్తా ఉంటే తిరుమల ఘాట్‌లో తల తిరిగేవాళ్ళు కూడా తట్టుకుంటారు. వాంతుల మాత్ర అలవాటుంటే రేవుకు బయల్దేరేటప్పుడే వేసుకోవాలి. ఓడెక్కాక వేసుకుంటే అది పనిచేసేలోపు దీవి వచ్చేస్తుంది.

మెట్రోలో పిరేయస్ స్టేషన్ దాకా పోండి. అక్కడి నుంచి ఎజీనా ఓడలు బయల్దేరే E8 గేటు పది నిమిషాల నడక. అరగంట ముందే చేరండి. ఓడ వెనక తలుపు దించితే కార్లూ మనుషులూ దాని మీదే ఎక్కాలి. ఆ ఇనుప పలక తడిగా ఉంటుంది, అలకు లేచి దిగుతా ఉంటుంది. నాన్నగారికి చెప్పులు వద్దు, బూట్లు వేయించండి.

కాణిపాకం గంట
దిగగానే ఊళ్ళో తిరగొద్దు, ఎండ ముదరకముందే గుడికి పోండి. రేవు పక్కనే బస్టాండు. అయియా మరీనా ఊరికి పోయే బస్సు గుడి దగ్గర ఆగుతుంది, అరగంట ప్రయాణం. దిగేటప్పుడే తిరుగు బస్సు ఎన్నింటికో డ్రైవర్ని అడగండి. అది తప్పితే కొండ మీద ఇరుక్కుంటారు.

గుడి సుమారు క్రీ.పూ. 500 నాటిది. 32 స్తంభాల్లో 25 ఇంకా నిలబడి ఉండాయి, లోపలి వరసలో ఒకదాని మీద ఒకటి పేర్చిన చిన్న స్తంభాలు తప్పక చూడండి. పైకప్పు కింది శిల్పాలు మాత్రం మ్యూనిక్ మ్యూజియంలో ఉండాయి. గుడి దగ్గర నీడ తక్కువ, గొడుగు పట్టుకుపోండి. దారిలోనే అయియోస్ నెక్తారియోస్ అనే క్రైస్తవ మఠం. అక్కడ భుజాలూ మోకాళ్ళూ కప్పుకోవాలి.

తిండికి ఫావా అడగండి, పసుపుపచ్చ పప్పు మెత్తగా మెదిపి ఆలివ్ నూనె పోసిస్తారు. టమాటాలో ఉడికిన పెద్ద చిక్కుడు గింజలూ బాగుంటాయి. ఒక జాగ్రత్త: మెనూలో 'నిస్తీసిమో' అంటే అక్కడి క్రైస్తవుల ఉపవాసం వంట. మాంసం, పాలు, గుడ్డు ఉండవు గానీ ఆక్టోపస్, రొయ్యలు ఉండొచ్చు. అది చూసి శాకాహారం అనుకోవద్దు.

అలిపిరి బాట
చాలా థాంక్స్. అయితే 2 లేదా 3న పోతాం. తిరుగు టికెట్ ముందే కొనాలా?

మామిడితోట, చిత్తూరు
ఆదివారమైతే తప్పనిసరిగా. ఏథెన్స్ వాళ్ళంతా సాయంత్రం ఒకేసారి తిరిగొస్తారు. ఏ రోజైనా ఆఖరి ఓడ నమ్ముకోకండి, దాని ముందుదానికి కొనండి. అది రద్దయినా ఇంకోటి మిగులుతుంది.

రేవులో పిస్తా అమ్మే కొట్లుంటాయి, ఎజీనా పిస్తాకు పేరు. కొత్త పంట వచ్చేది ఆగస్టు చివర, సెప్టెంబరులో. మేలో దొరికేది కిందటేటి సరుకు కాబట్టి ఒకటి కొరికి చూడండి, కరకరలాడితేనే కొనండి. ఇంటిదాకా తేవాలంటే పెంకుతో ఉన్నవే మేలు.