కథ చెప్పేటప్పుడు ‘మనోడు’ అంటాం, ‘మావోడు’ అనం. ఎందుకంటారు?

సినిమా చూసొచ్చి కథ చెప్పేటప్పుడు మన గోదావరి జిల్లాల్లో ‘కథానాయకుడు’ అనే మాట ఎవరి నోటా రాదు. ‘ఈరో’ కూడా మొదట్లో ఒకటి రెండు సార్లే. కథ కాస్త పాకాన పడగానే ‘మనోడు’ దిగుతాడు. “ఆళ్ళు పదిమంది, మనోడొక్కడు.” “ఆ పిల్ల ఫలానావోడి కూతురని మనోడికి తెలీదు గదా!” ముఖ్యపాత్ర పట్టుకుంటేనే సినిమా ఎందుకు పట్టుకుంటుంది, వాడు నచ్చకపోతే పాటలూ ఫైట్లూ అన్నీ బాగున్నా ఎందుకు చప్పగా ఉంటుంది అనే ప్రశ్నకి సగం జవాబు ఈ మాటలోనే ఉందని నా నమ్మకం. అందుకే చర్చకి పెడుతున్నాను.

వినేవాణ్ణి కలుపుకుంటే మనం, విడిచిపెడితే మేము. తమిళంలోనూ నామ్, నాంగళ్ అని ఈ తేడా ఉంది. హిందీలో రెండిటికీ ‘హమ్’ ఒక్కటే. “మావోడు పది పాసయ్యాడండి” అంటే వాడు నా కొడుకో తమ్ముడో, మీకు చుట్టరికం లేదు. ‘మనోడు’ అనగానే మీకూ వాడు కావలసినవాడైపోయాడు. విచిత్రం ఏంటంటే వినేవాడు ఆ సినిమా చూసుండడు. హీరో పేరేంటో, ఏ ఊరివాడో, ఏం పని చేస్తాడో ఏమీ తెలీదు. అయినా చెప్పేవాడు అడక్కుండానే చుట్టరికం కలిపేస్తాడు, వినేవాడు కాదనకుండా ఊ కొడతాడు. కథ మీద ఇష్టం అక్కడ మొదలవుతుంది.

ఊడ్పుల రోజుల్లో ఇది బాగా వినపడుతుంది. ఆకుమడి నుంచి తెచ్చి చేలో పడేసిన కట్టలు విప్పుకుంటూ, వంగిన నడుం ఎత్తకుండా ఒకావిడ కథ చెబుతుంది. పక్కవాళ్ళు ఊ కొడుతూ, వెనక్కి వెనక్కి అడుగులేస్తూ నాటుకుపోతుంటారు. ఓసారి గట్టు మీద నిలబడి విన్నది ఇది:

“అప్పుడేమో మనోడు మారేసం కట్టి ఆళ్ళింటికే పన్లోకి చేరాడే వొదినా.”

“ఓర్నాయనో, గుర్తు పట్టెయ్యరా?”

“ఎక్కడ పడతారు, మీసం తీసేశాడుగా మనోడు.”

అలా నడుస్తూ నడుస్తూ కథ పెళ్ళిదాకా వచ్చింది, అనుమానందాకా వచ్చింది. అప్పుడు ఆవిడ అన్నమాట: “ఆడేమో కడుపుతో ఉన్నదాన్ని వానలో బయటికి గెంటేశాడు.” చూశారా, ‘మనోడు’ పోయి ‘ఆడు’ వచ్చాడు. మార్చమని ఎవరూ చెప్పలేదు, ఆవిడా ఆలోచించి మార్చలేదు. చివర్లో తప్పు తెలుసుకుని భార్య కాళ్ళ మీద పడ్డాడట. అక్కడా “ఆడొచ్చి కాళ్ళట్టుకున్నాడు” అనే అంది. సినిమా తీసినవాళ్ళు క్షమించి ఉండొచ్చు. ఆవిడ మాత్రం ‘మన’ తిరిగివ్వలేదు.

ఈ ‘మన’ ఎంతసేపు నిలుస్తుందన్నదే రచయితకి అసలు పరీక్ష అని నేననుకుంటాను. మంచివాడైతేనే నిలుస్తుందని కాదు. “మనోడు దొంగే గానీ…”, “మనోడు తాగుతాడు గానీ…” అని చెప్పేవాళ్ళని మీరూ వినుంటారు. ఆ ‘గానీ’ని పలకడంలో ఎంత ప్రేమ ఉంటుందో గమనించండి. తప్పు ఒప్పేసుకుంటారు, ఒప్పుకున్న వెంటనే వెనకేసుకొస్తారు. ‘గానీ’ తర్వాత చెప్పడానికి ప్రేక్షకుడికి ఏదో ఒకటి అందించాలి, ఒక తల్లో, ఒక మాట నిలబెట్టుకోవడమో, ఆకలేసినవాడికి తన కంచంలోది పెట్టడమో. అది అందించలేని సినిమాలో హీరో పక్కా మర్యాదస్తుడైనా ‘ఆడు’గానే మిగిలిపోతాడు. అలంకారశాస్త్రం నాయకుణ్ణి ధీరోదాత్తుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు, ధీరోద్ధతుడు అని గుణాన్ని బట్టి విడదీసింది. మన జనం మాట చుట్టరికాన్ని బట్టి విడదీస్తుంది. నాకు రెండోదే దగ్గర.

ఒక చేదు సంగతి కూడా చెప్పాలి. మన జిల్లాల్లో ‘మనోడు’కి ఇంకో అర్థం ఉంది. “హీరో మనోడేనా?” అంటే కులం అడుగుతున్నట్టు. ఆ వాడుకలో మాట అదే, వ్యాకరణం అదే. కాకపోతే ‘మన’ అనే ముందు వినేవాడెవడో తేల్చుకుంటారు. ఊడ్పుల్లో కథ చెప్పే ఆవిడ అలా తేల్చుకోలేదు. వరసలో నాటేవాళ్ళంతా ఆవిడకి ‘మన’లోనే ఉన్నారు. కొత్త సినిమా మొదటాట దగ్గర ఫ్లెక్సీల కింద మాత్రం ఇదే మాట వినేవాణ్ణి కలుపుకునేది కాస్తా వెలివేసేదైపోతుంది. అది చూస్తే నిజంగా బాధేస్తుంది, ఇంత మంచి మాటకి ఈ గతి పట్టినందుకు.

సరే, నేను సినిమా గురించే చెప్పాను. నవలల్లో, నాటకాల్లో, పిల్లలు ఆడే వీడియో గేముల్లో ముఖ్యపాత్రని మీ ఇళ్ళల్లో ఏమంటారు?

రామచంద్రపురం నుంచి, సంస్కృతం మాస్టారు:

బాగుందండి. మీరు చెప్పిన దానికి దగ్గరగా సాహిత్యదర్పణంలో ఒక శ్లోకం ఉంది. పధ్నాలుగో శతాబ్దపు విశ్వనాథుడిది.

పరస్య న పరస్యేతి మమేతి న మమేతి చ
తదాస్వాదే విభావాదేః పరిచ్ఛేదో న విద్యతే

ఇది పరాయిది, పరాయిది కాదు, నాది, నాది కాదు అనే హద్దులేవీ రసాన్ని ఆస్వాదించేటప్పుడు ఉండవని భావం. అంతకుముందే భట్టనాయకుడు దీనికి సాధారణీకరణం అని పేరు పెట్టాడు. సీత ఏడుస్తుంటే ఆ దుఃఖం అచ్చంగా నాదే అయితే నేనక్కడ కూర్చోలేను, లేచిపోతాను. అచ్చంగా పరాయిదే అయితే ఆవులిస్తాను. రెండూ కాని చోట రసం పుడుతుంది. పాఠం చెప్పేటప్పుడు ఆ ‘రెండూ కాని చోటు’ ఏమిటో పిల్లలకి అందేది కాదు. ‘నాది’కీ ‘పరాయివాడిది’కీ మధ్య తెలుగులో ‘మనది’ అనే మాట ఉందిగా! సంస్కృతంలో అహం, వయం ఉన్నాయి గానీ వినేవాణ్ణి కలుపుకునే ప్రత్యేక సర్వనామం లేదు. శాస్త్రకారుడు నాలుగు నిషేధాలతో చెప్పాల్సినదాన్ని మీ ఊడ్పుల ఆవిడ ఒక్క మాటలో చెప్పింది. వచ్చే పాఠంలో ఇదే చెప్తాను.

తణుకు నుంచి:

మాస్టారూ, ఒకే కథలో మనోళ్ళు ఇద్దరుంటే? చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి గయోపాఖ్యానం తీసుకోండి. ఆకాశంలో పోతున్న గయుడు ఉమ్మిన తాంబూలం కింద అర్ఘ్యమిస్తున్న కృష్ణుడి దోసిట్లో పడుతుంది. చంపుతానని కృష్ణుడు ప్రతిజ్ఞ చేస్తాడు. సంగతి తెలియక అర్జునుడు గయుడికి అభయమిచ్చేస్తాడు. ఇహ బావా బావమరుదులకి యుద్ధం. ఉత్సవాల్లో తెల్లవార్లూ ఈ నాటకం చూసిన ఊళ్ళండి మావి. కృష్ణుడు పద్యం ఎత్తుకుంటే వన్స్ మోర్, అర్జునుడు బదులు పద్యం ఎత్తుకుంటే దానికీ వన్స్ మోర్, అదీ అరిచిన నోటితోనే. విలన్ లేడు, ఎవరు ఓడిపోవాలో కోరుకోవడానికి మనసొప్పదు. “మనోడు గెలవాలి” అనుకుంటూ చూసే సినిమాలో ఉత్కంఠ వేరు, “మనోళ్ళిద్దరూ కొట్టుకుంటున్నారు, ఎవరైనా ఆపండర్రా” అని చూసే ఉత్కంఠ వేరు. నాకు రెండోదే గొప్పగా అనిపిస్తుంది. అది రాయడం కష్టం కూడాను.

భీమవరం నుంచి:

గేముల సంగతి నేను చెప్తానన్నయ్యా. నెట్ సెంటర్లో వైస్ సిటీ ఆడిన తరం మాది. గేములో ఎవరూ ‘మనోడు’ అనరు, ‘నేను’ అంటారు. “చచ్చిపోయాన్రా, మళ్ళీ మొదట్నుంచి ఆడాలి.” “నన్ను పోలీసులు తరుముతున్నారు.” తెర మీద పరిగెత్తేది టామీ వెర్సెట్టి అనే వాడు, పలికేది ‘నేను’. మధ్యలో మన చేతిలో లేకుండా కథ అదే నడిచే సీన్లు వస్తాయి చూడండి, అప్పుడు మాత్రం “వీడేంటి, వాడితో కలిశాడు?” అంటాం. సీను అయిపోయి కంట్రోల్ చేతికి రాగానే మళ్ళీ ‘నేను’. ఒక్క నిమిషంలో వీడు, నేను, వీడు, నేను. హాఫ్ లైఫ్ 1998లో వచ్చింది. అందులో గోర్డన్ ఫ్రీమన్ ఒక్క మాటా మాట్లాడడు. వాడు నోరు విప్పితే మన ‘నేను’కి చోటుండదు కదా, అందుకే అలా వదిలారని నా ఉద్దేశం.

ది లాస్ట్ ఆఫ్ అస్ ఆడనివాళ్ళు ఈ పేరా వదిలేయండి, కథ చెప్పేస్తున్నాను. 2013లో వచ్చిన మొదటి భాగంలో ఆట చాలావరకు జోయల్‌గా ఆడతాం. 2020లో వచ్చిన రెండో భాగంలో, మొదట్లోనే ఆబీ అనే అమ్మాయి అతన్ని చంపేస్తుంది. అతను కూతురిలా చూసుకున్న ఎల్లీగా పగ తీర్చుకోవడానికి బయల్దేరి సగం ఆట ఆడాక, కంట్రోల్ తీసుకెళ్ళి ఆ ఆబీ చేతికిస్తారు. అంటే ‘నేను’ ఇప్పుడు ఆ చంపినమ్మాయిని! ప్రపంచమంతా ఎంతమంది తిట్టారో. మా ఫ్రెండ్స్‌లో ఒకడు ఆట అక్కడే ఆపేశాడు. నేను ఆడాను. మొదటి గంట చేతులు రాలేదు. తర్వాత ఆవిడ తండ్రి కథ తెలిసింది, ఆవిడ స్నేహితులు పరిచయమయ్యారు. చివర్లో ఇద్దరూ కొట్టుకుంటుంటే బటన్ నొక్కాలనిపించలేదు. తణుకు బాబాయిగారు చెప్పిన గయోపాఖ్యానమే అది, కాకపోతే ఇక్కడ బాణం వేసేది మనమే.

నరసాపురం నుంచి:

నవలకి మా దగ్గర మంచి ఉదాహరణ ఉంది. మొక్కపాటి నరసింహశాస్త్రి గారి బారిష్టరు పార్వతీశం. మొగల్తూరు కుర్రాడు. కథంతా ‘నేను’ అనే చెబుతాడు. అయినా చదివేటప్పుడు ఆ ‘నేను’ నేను కాదు. ఆడవాళ్ళ టోపీ కొనుక్కుని దర్జాగా పెట్టుకుంటే వాడికంటే ముందే మనకి సంగతి అర్థమవుతుంది, కడుపుబ్బ నవ్వుతాం. నవ్వుతూనే, పరాయి దేశంలో వాడికేమవుతుందోనని బెంగ. ఎదటివాళ్ళు వాడిని చూసి నవ్వితే మనకి రోషం కూడా వస్తుంది. ఈ మూడూ ఒకేసారి కలిగేది పుస్తకంలోనే. వాడి అమాయకత్వం వాడికి తెలీదు, మనకి తెలుసు. తెరమీదైతే నటుడి మొహం అడ్డొస్తుంది.

ఇంకో సంగతి. మావైపు పార్వతీశాన్ని ‘మనోడు’ అనం. పైఊరివాళ్ళ దగ్గర “మా పార్వతీశం” అంటాం. హక్కు మాదని చెప్పడానికన్నమాట. ఇష్టం మరీ ఎక్కువైతే ‘మన’ కూడా ‘మా’ అయిపోతుందేమో ఆలోచించండి.

రాజోలు నుంచి:

అందరూ మగపాత్రల గురించే రాశారు, నేనొకటి అడుగుతాను. ముఖ్యపాత్ర ఆడదైతే ఏమంటాం? ‘మనది’ అంటే మనిషిని అన్నట్టుండదు. ‘మనావిడ’ అంటే పెళ్ళాం. అందుకే మా అమ్మ తరం నటి పేరే వాడేసేది: “అప్పుడు సావిత్రి గుమ్మం దగ్గర నిలబడి…” పాత్ర పేరు ఎవరికీ గుర్తుండేది కాదు, సావిత్రే కష్టపడింది, సావిత్రే ఏడ్చింది. వారపత్రికల సీరియళ్ళు చదివేటప్పుడు మాత్రం “ఆ పిల్ల ఏమైందే?” అని ఒకరినొకరు అడుక్కునేవారు. ‘ఆ పిల్ల’ అంటే దూరం కాదండి, పక్కింటి పిల్ల గురించి అడిగినట్టు ఉండేది. మగవాడికి ఒక్క సినిమాతో దొరికే ‘మన’ ఆడపాత్రకి భాషలో సిద్ధంగా లేదు. తరాల తరబడి మనకి చెప్పిన కథల్లో నడిపేవాడు వాడే కాబట్టి, మాట కూడా వాడి కొలతకే కుట్టారు.

మొదటి పోస్టు రాసినవారు:

రాజోలు అక్కయ్యగారూ, మీరు అడిగింది ఊడ్పుల కథలోనే ఉంది, అప్పుడు రాయలేదు. గెంటేసిన సీను దగ్గర వాడు ‘ఆడు’ అయ్యాక, కథ వాడిని వదిలేసి ఆమె వెనకాల నడిచింది. వింటున్న వాళ్ళలో ఒకామె “పాపం మన పిల్ల ఎక్కడికెళ్ళిందే?” అని అడిగింది. అప్పటిదాకా ఆమె ‘ఆ పిల్లే’. అంటే మాట ఉంది, కథ నడిపే పని ఆమెకిస్తే బయటికొస్తుంది. సినిమావాళ్ళు ఆ పని ఇవ్వరు, అందుకని మనకి వినపడదు.

భీమవరం తమ్ముడు చెప్పినదాని మీద ఒక మాట. “మనోడు దొంగే గానీ” అన్నప్పుడు వచ్చే ప్రేమ “నేను దొంగనే గానీ” అంటే రాదు చూడు, బతిమాలుకుంటున్నట్టు ఉంటుంది. సినిమాలో హీరో తప్పు చేస్తే వెనకేసుకొచ్చేవాళ్ళం మనం. గేములో చేసిందీ మనమే, వెనకేసుకు రావాల్సిందీ మనమే. నీ చేతులు రాకపోవడానికి కారణం అదే అయ్యుంటుంది. సినిమా ఎంత గొప్పదైనా ఆ ఇబ్బంది పెట్టలేదు, ఆ విషయంలో గేముదే పైచేయి. తప్పుచేసినవాణ్ణి నలుగురం కలిసి క్షమించే సుఖం మాత్రం హాల్లోనే దొరుకుతుంది.

కోనసీమ లంకల వాళ్ళూ, అంతర్వేది వైపు వాళ్ళూ ఇంకా రాయలేదు. కథల్లో ఆడ ముఖ్యపాత్రకి మీ ఇళ్ళల్లో వాడే మాటేదైనా ఉంటే, ఎవరు ఎవరితో అన్నారో కూడా కలిపి రాయండి. వాక్యం మొత్తం కావాలి, మాట ఒక్కటే సరిపోదు.