ఎక్స్‌లిబ్: నా విండో మీదకి మౌస్ వెళ్తే పక్క విండోల రంగులు మారుతున్నాయి

ప్రశ్న: ఎక్స్‌లిబ్‌తో (లినక్స్ లాంటి వాటిలో విండోలు గీసే లైబ్రరీ) రాసిన పాత ప్రోగ్రామ్ ఒకటి జెఫిర్‌లో (ఒక విండో లోపల ఇంకో స్క్రీన్ చూపించే ప్రోగ్రామ్) 8 బిట్ స్క్రీన్ పెట్టి నడుపుతున్నాను. ఎక్స్‌క్రియేట్‌కలర్‌మ్యాప్‌తో సొంత రంగుల పట్టిక (కలర్‌మ్యాప్) చేసుకున్నాక నా విండో బాగానే ఉంది గానీ, దాని మీదకి మౌస్ వెళ్లగానే పక్కనున్న టెర్మినల్ గులాబీ, ఆకుపచ్చ అయిపోతోంది. ఎక్కడ తప్పు చేశానండీ?

జవాబు: తప్పేం లేదు, 8 బిట్ అంటే అంతే. పట్టికలో ఉన్నవి 256 గళ్లు, గడికో రంగు; ఒకసారికి స్క్రీన్ మొత్తానికీ పనిచేసే పట్టిక ఒక్కటే. మీ విండోకి ఫోకస్ రాగానే విండో మేనేజర్ మీ పట్టికని ఎక్కిస్తుంది, టెర్మినల్ పిక్సెల్ నంబర్లు అలాగే ఉంటాయి, వాటి వెనక రంగులే మారిపోతాయి. సొంతది వద్దు, అందరూ వాడే డిఫాల్ట్ కలర్‌మ్యాప్‌లోనే ఎక్స్‌అలాక్‌కలర్‌తో రంగు అడగండి, అదే రంగు ఇంకో ప్రోగ్రామ్ అలా తీసుకుని ఉంటే ఆ గడినే మీకూ ఇస్తుంది.

జవాబు: డిఫాల్ట్‌లో గళ్లు అయిపోతేనే సొంత పట్టిక. అప్పుడు కూడా డిఫాల్ట్‌లోని మొదటి కొన్ని రంగుల్ని అవే నంబర్లలోకి కాపీ చేస్తే ఈ గోల కొంత తగ్గుతుంది.

ప్రశ్న అడిగినవారు: మార్చాను, థాంక్సండీ. కానీ ఇప్పుడు ఎరుపు 255 ఇస్తే నలుపు వస్తోంది!

జవాబు: హహ, నేనూ దీనికి ఓ రాత్రంతా తగలేశాను. ఎక్స్‌లిబ్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం లెక్క 0 నుంచి 255 దాకా కాదు, 0 నుంచి 65535 దాకా. మీ అంకెల్ని 257తో గుణించండి.