"ఏం లేదు" అని రాసే పిల్లలకు ఏ పని ఇచ్చి చూడాలె?

హనుమకొండ దగ్గరి సర్కారు బడిలో తొమ్మిదో తరగతికి శనివారం చివరి పీరియడ్ ఎవరికి ఏ పని ఇష్టమో కనిపెట్టేటందుకే ఇస్తున్నం. "పెద్దయ్యాక ఏమైతవ్?" అని అడిగితే లాభం లేదు. డాక్టర్, పోలీస్, సాఫ్ట్‌వేర్ అని పక్క బెంచీ చూసి రాసుడే. అందుకే ఉద్యోగాల పేర్లు వద్దన్నం. ఈ వారం ఎవరూ చెప్పకుండానే ఏం చేసినవ్, ఏ పనిల టైమ్ తెల్వలేదు, దేనికి దోస్తులు నిన్ను సాయం అడిగిన్రు: ఈ మూడే రాయాలె. మార్కులు వేయం, ఎర్ర పెన్ను ముట్టం. ముట్టినమంటే సారుకు నచ్చేదే రాస్తరు.

నాలుగైదు వారాల రాతలు పక్కపక్కన పెడితే పని కనబడుతది: విప్పుడు, గీసుడు, లెక్కగట్టుడు, నచ్చజెప్పుడు. దానికి తగ్గ చిన్న పని అప్పజెప్తం. కొత్తవాడకు వరంగల్ దర్రీలు (కింద పరిచే నేత జంపఖానాలు, 2018లో జీఐ, అంటే ఆ ప్రాంతపు ప్రత్యేక సరుకనే గుర్తింపు వచ్చినయే) చూడబోతే, ఒకరు డిజైన్‌ను గ్రాఫ్ కాగితం మీదికి ఎక్కించాలె, ఇంకొకరు దర్రీకి నూలు, రంగు, కూలి కలిపి ఎంతైతదో తీయాలె.

చిక్కు ఎక్కడంటే, కొందరు ప్రతి వారం "ఏం లేదు" అనే రాస్తున్నరు. ఎక్కువ ఆడపిల్లలే, పత్తి ఏరే సీజన్ల మరీ. ఇంటి పని, చేను పని పోను వాళ్ళకు సొంత టైమే మిగలదు, ఇష్టం ఎక్కడ బయటపడాలె? ఖర్చు లేకుండా, 40 నిమిషాల్లో బడిలోనే చేయించే పనులు ఎవరన్నా నడిపిన్రా? ఇంకోటి, ఎంపీసీ తప్ప వద్దనే తల్లిదండ్రులకు పాలిసెట్ (పది తర్వాత పాలిటెక్నిక్ డిప్లొమాకు ఎంట్రెన్స్), ఐటీఐ సంగతి తొమ్మిదిలనే చెప్పాలెనా, పదిల చెప్తె సరిపోతదా?