సోషియాలజీలో మూడు సిద్ధాంతాలూ కలిసిపోతున్నాయి, ఎలా విడదీసుకోవాలి?

ప్రశ్న (బీఏ మొదటి సంవత్సరం విద్యార్థిని):
అందరికీ నమస్కారం. నాది తెలుగు మీడియం. ఇంటర్‌లో సోషియాలజీ లేదు. పేర్లు, సంవత్సరాలు బట్టీ పట్టాను కానీ ప్రకార్యవాదం, సంఘర్షణ సిద్ధాంతం, ప్రతీకాత్మక పరస్పర చర్యావాదం రాసేటప్పుడు ఒకదాంట్లో ఇంకోటి కలిసిపోతున్నాయి. పైగా శాస్త్ర పితామహుడు ఒకచోట కామ్టే, ఇంకోచోట డర్క్‌హైమ్. పది రోజుల్లో పరీక్ష, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు (రిటైరైన లెక్చరర్):
అమ్మా, సోషియాలజీ అనే పేరును 1838లో వాడుకలోకి తెచ్చింది ఆగస్ట్ కామ్టే. ఫ్రెంచి విప్లవం తర్వాత పాత కట్టుబాట్లు కూలిపోయిన కాలం అది. ప్రకృతిని చదివినట్టే సమాజాన్నీ శాస్త్రీయంగా చదవాలన్నాడు. ఎలా చదవాలో చేసి చూపింది డర్క్‌హైమ్. ఆత్మహత్య అంటే పూర్తిగా ఆ మనిషి సొంత విషయం అనుకుంటాం కదా? ఆయన ఐరోపా దేశాల లెక్కలు ముందు పెట్టుకుని, కాథలిక్కుల కంటే ప్రొటెస్టెంట్లలో, పెళ్లయినవాళ్ల కంటే కానివాళ్లలో ఎక్కువని 1897లో పుస్తకం రాశాడు. మనిషిని పదిమందితో కట్టి ఉంచే బంధం సడలినచోట ప్రమాదం పెరుగుతుందన్నాడు. ఆ లెక్కల్లో లోపాలున్నాయని తర్వాతివాళ్లు అన్నారు, నిజమే. అయినా ఆ ప్రశ్న వేయడమే గొప్ప. ఈ శాస్త్రం మీద నాకు ఇష్టం పుట్టింది అక్కడే.

ఇక సిద్ధాంతాలు. మీ ఊళ్లో జరిగిన ఒక పెళ్లిని తీసుకో. "దీనివల్ల సమాజానికి ఏం ఒరుగుతోంది?" అని అడిగితే ప్రకార్యవాదం: రెండు కుటుంబాలు కలుస్తాయి, చుట్టరికాలు గట్టిపడతాయి. "ఎవరికి లాభం, ఎవరి మీద భారం?" అంటే సంఘర్షణ సిద్ధాంతం: కట్నం ఎవరిస్తున్నారు, ఎవరు ముందు బంతిలో కూర్చున్నారు, ఎంగిలి విస్తళ్లు ఎవరు తీస్తున్నారు. మూడోది మనుషులు దేనికి ఏ అర్థం ఇచ్చుకుంటున్నారో చూస్తుంది. వాట్సాప్‌లో శుభలేఖ వచ్చినా "ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవలేదు" అని పెద్దమ్మ పెళ్లికి వెళ్లదు. కబురు అందింది, పిలుపు అందలేదు. ఆ తేడా బొట్టులో లేదు, మనం దానికి ఇచ్చుకున్న అర్థంలో ఉంది. అమెరికా తత్త్వవేత్త మీడ్ ఆలోచనల మీద నిలబడి, 1937లో ఈ సిద్ధాంతానికి పేరు పెట్టింది బ్లూమర్.

విద్యార్థిని:
చాలా థాంక్స్ సర్. మరి మార్క్స్, వెబర్ ఇద్దరూ సంఘర్షణ కిందికే వస్తారా?

జవాబు (పోటీ పరీక్షలకు చదువుతున్న ఒకరు):
మార్క్స్ తప్పకుండా వస్తాడు. భూమి, ఫ్యాక్టరీ ఎవరి చేతిలో ఉన్నాయన్నదే ఆయనకు మూలం. వెబర్‌ని మాత్రం ఒక్క గదిలో కుక్కకండి. ఆస్తి, గౌరవం, అధికారం మూడూ వేరువేరన్నాడు. చిన్న గుడి పూజారికి రాబడి తక్కువైనా మర్యాద ఉంటుంది. డబ్బు బాగా సంపాదించినా కులం పేరుతో గౌరవం దక్కనివాళ్లున్నారు. మన సమాజానికి వెబర్ ఇంత పనికొస్తాడని నాకు ఆలస్యంగా తెలిసింది.

ఇంకొకటి. హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేట మీద ఎస్.సి. దూబే చేసిన గ్రామ అధ్యయనం 1955లో పుస్తకంగా వచ్చింది. భారతీయ సమాజం గురించి రాసేటప్పుడు ఎం.ఎన్. శ్రీనివాస్ చెప్పిన సంస్కృతీకరణతో (కింది కులాలవాళ్లు పై కులాల ఆచారాలు పాటించి హోదా పెంచుకోవాలని చూడటం) పాటు దాన్నీ ప్రస్తావించండి.

విద్యార్థిని:
సర్, ఒకటి సరిచూడండి. అక్క పెళ్లి చదివింపుల పుస్తకం అమ్మ బీరువాలో దాచింది. ఎవరింట్లో పెళ్లయినా అది తీసి, వాళ్లు ఎంత చదివించారో చూసి అంతకు తగ్గకుండా పెడుతుంది. ఇది ప్రకార్యవాదమే కదా?

జవాబు (రిటైరైన లెక్చరర్):
అవునమ్మా, ఇచ్చిపుచ్చుకోవడంతో బంధం నిలుస్తోందని రాస్తే అదే. "మనం అంత పెడితే వాళ్లు ఇంతేనా" అని అమ్మ నొచ్చుకోవడం గురించి రాస్తే మూడోది. అంత పెట్టలేక ఒక ఇంటివాళ్లు పెళ్లికే రావడం మానేశారా? అప్పుడు రెండోది. ప్రశ్నలో ఏది అడిగారో చూసుకుని ఈ ఉదాహరణే రాయి, పుస్తకంలోది వద్దు.