రెండు శాఖలూ ‘ఆర్థిక’మే అయితే ఎలా? కజఖ్ ఖర్చు, మన ఖర్చు

గుంటూరు అనువాదకురాలు:
అందరికీ నమస్కారం. కజఖ్‌స్తాన్ మాజీ ప్రధాని అలీఖాన్ స్మాయిలోవ్ మీద తెలుగులో ఒక పరిచయ వ్యాసం రాస్తున్నాను. ఒకచోట కలం ఆగిపోయింది. సాయం కావాలి.

ఈయన 1972లో అల్మాటీలో పుట్టారు. చదివింది అనువర్తిత గణితం. కొలువంతా దాదాపు అంకెల చుట్టూనే తిరిగింది. గణాంకాల ఏజెన్సీకి అధిపతిగా ఉండగా, 2014లో ప్రభుత్వం శాఖలన్నీ కలిపి, విడగొట్టి, ఆ ఏజెన్సీని కొత్తగా పెట్టిన ఒక మంత్రిత్వ శాఖ కింద కమిటీగా మార్చింది. ఆ తర్వాత దేశాధ్యక్షుడి సహాయకుడయ్యారు. 2018 సెప్టెంబరులో మంత్రి పదవి వచ్చింది. 2019 ఫిబ్రవరిలో దానికి తోడు మొదటి ఉపప్రధాని హోదా. 2022 జనవరిలో ప్రధాని. 2024 ఫిబ్రవరిలో రాజీనామా, అదే ఏడాది సుప్రీం ఆడిట్ చాంబర్ అధిపతి.

చిక్కు ఇదీ. 2014లో గణాంకాలు వెళ్లి చేరిన శాఖ ‘జాతీయ ఎకానమీ’ శాఖ. 2018లో ఆయన మంత్రి అయింది ‘ఫైనాన్స్’ శాఖకు. అక్కడ ఇవి రెండు వేర్వేరు శాఖలు, మంత్రులూ వేరు. నా చిత్తుప్రతిలో ఏం రాశానో చూడండి: “2014లో ఆర్థిక శాఖ కింద కమిటీ అధ్యక్షుడిగా చేశారు. 2018లో ఆర్థిక మంత్రి అయ్యారు.” చదివినవాళ్లు ‘ఓహో, ఉన్న శాఖలోనే పైకెక్కాడు’ అనుకుంటారు. ఎకానమీకీ ఆర్థికమే, ఫైనాన్సుకీ ఆర్థికమే అయితే ఎలా?

ఇంకో సందేహం. కజఖ్ భాషలో ఫైనాన్స్ శాఖను ‘కర్‌జి’ శాఖ అంటారట. ఆ చివరి అచ్చు ఇ, ఉ మధ్య ఎక్కడో పలుకుతుంది. వింటే మన ‘కర్జు’లా ఉంది. అప్పుల శాఖ అనా అర్థం?

డెస్కు మనిషి:
అప్పుల శాఖ అంటే ఏ దేశానికైనా సరిపోతుంది లెండి.

వరంగల్ మాస్టారు:
అమ్మా, అది కర్జు కాదు. అప్పుకు కజఖ్‌లో వేరే మాట ఉంది, ‘కరిజ్’. మన కర్జుకు అసలైన చుట్టం అది. మీరడిగిన ‘కర్‌జి’ మన ఖర్చు! అరబీలో ‘ఖర్జ్’. ఫారసీ మీదుగా హిందుస్తానీకి వచ్చి ‘ఖర్చ్’ అయింది, మన దగ్గర చివర ఉకారం తగిలించుకుని ఖర్చు అయింది. మా ఊళ్లో పెద్దలు ‘కర్సు’ అనేవాళ్లు. అటు కజఖ్‌వాళ్ల నోట మాట మొదటి ఖ, క అయిపోయింది. వాళ్లూ చివర ఒక అచ్చు పెట్టుకున్నారు. మనం ఉ పెట్టాం, వాళ్లు ఇ-ఉ మధ్యది పెట్టారు, అంతే తేడా.

ఈ మాట ధాతువు కూడా చూడదగ్గది. ఖ-ర-జ అంటే బయటికి పోవడం. చేతిలోంచి బయటికి పోయేది ఖర్చు. దీనికి ఎదురు ధాతువు ద-ఖ-ల, అంటే లోపలికి రావడం. కాగితం కచేరీ లోపలికి వెళ్తే దాఖలు. మా నైజాం ఇలాకాలో పేరు కొట్టేస్తే ‘ఖారిజు’ చేశారనేవాళ్లు. పాత తహసీలు కాగితాల్లో దాఖలు, ఖారిజు జంటగా కనిపిస్తాయి. భూమి శిస్తుకు ‘ఖరాజు’ అనే మాట కూడా ఈ ధాతువు కిందికే చేరింది. రైతు నుంచి రాబట్టేదీ, సర్కారు ఖర్చుపెట్టేదీ ఒకే ధాతువు పిల్లలు. అలాంటప్పుడు ఆ శాఖకు ఆ పేరు పెట్టడం ఎంత సబబో మీరే చూడండి.

అచ్చతెలుగు అభిమాని:
ఎవరి మాటలో మోసుకొచ్చి మనవని చెప్పుకోవడం దేనికి? వ్యయం అనండి, హాయిగా ఉంటుంది.

వరంగల్ మాస్టారు:
వ్యయం సంస్కృతం నాయనా. అచ్చతెలుగు కావాలంటే ‘సెలవు’ అనాలి. పాతరోజుల్లో ‘సెలవు చేయడం’ అంటే ఖర్చుచేయడమే. ఇవాళ సెలవుల మంత్రి అంటే జనం బడికి తాళం వేస్తారు.

మదరాసు తెలుగు:
మాస్టారి మాటకు ఒక తోక. ఉజ్బెకిస్తాన్, తజికిస్తాన్‌లలో ఫైనాన్సుకు ఖర్చు మాట వాడరు. అక్కడ ‘మోలియా’ శాఖ. ‘మాల్’ అనే అరబీ మాట నుంచి వచ్చింది, సొత్తు అని అర్థం. మరి కజఖ్‌వాళ్లు మాల్‌ను ఎందుకు వదిలేశారు? వదిలేయలేదు, వేరే పనికి పెట్టుకున్నారు. కజఖ్‌లో ‘మల్’ అంటే పశువులు. గుర్రాలు, గొర్రెలు, ఒంటెలు, ఆవులు. మందతో పాటు కదిలే జనానికి సొత్తంటే మందే. మాకు తమిళంలో ‘మాడు’ అంటే పశువు, పాత తమిళంలో అదే మాటకు సంపద అనీ అర్థం. మన గోధనం సంగతి చెప్పనక్కర్లేదు. కాబట్టి కజఖ్‌స్తాన్‌లో ‘మల్ మంత్రి’ అంటే ఆయన బడ్జెట్ పెట్టె బదులు మందను తోలుకు రావాలి.

తజిక్‌లో ప్రధానమంత్రిని ‘సర్‌వజీర్’ అంటారు. ఉజ్బెక్‌లో ‘బోష్ వజీర్’. బోష్ అంటే తల. కజఖ్‌స్తాన్‌లో మాత్రం రష్యన్ దారిలో ‘ప్రెమియెర్ మినిస్త్ర్’ అనే ఉండిపోయారు. ఖర్చు పాతది, మంత్రి కొత్తది.

అల్మాటీ విద్యార్థి:
నమస్తే అండీ. నేనిక్కడ మెడిసిన్ చదువుతున్నాను. సర్కారు ఆఫీసుల బోర్డులన్నీ రెండు భాషల్లో ఉంటాయి, కజఖ్, రష్యన్. మాకు క్లాసులో రష్యన్ నేర్పిస్తారు కాబట్టి ఆ వరస చదివి సరిపెట్టుకుంటాం. కజఖ్ వరసలో ‘కర్‌జి’ని గుర్తుపట్టడం తేలిక. మొదటి అక్షరం రష్యన్ క లాగే ఉండి, కాలికింద చిన్న తోక ఉంటుంది. ఆ తోక ఉంటే గొంతు లోపలి నుంచి పలకాలి. మా హాస్టల్లో హైదరాబాద్ అబ్బాయికి అది మొదటిరోజే వచ్చేసింది, ‘ఖురాన్ చదివేటప్పటి కాఫ్ ఇదే కదా’ అన్నాడు. నాకు ఇప్పటికీ సరిగ్గా రాదు.

ఇంకోటి. ఇక్కడ ‘ఎసెప్’ అంటే లెక్క. స్కూలు పిల్లల లెక్కకీ ఎసెప్పే, జమాఖర్చులు రాసే ఆయన ‘ఎసెప్షి’. ఇది మన హిసాబేనా?

వరంగల్ మాస్టారు:
అక్షరాలా హిసాబే బాబూ. మొదటి హ పోయింది, చివరి బ, ప అయింది. మా వైపు ‘ఇసాబు’ అనేవాళ్లం కదా, హ మనకూ నిలవలేదు. ఇదే వరసలో హుకూమత్ వాళ్ల దగ్గర ‘ఉకిమెత్’ అయింది, ప్రభుత్వం అని అర్థం. జిల్లాలూ నగరాలూ ఏలే అధికారి ‘అకిమ్’, అరబీలో ‘హాకిమ్’. మన హుకుం కూడా ఈ ఇంటిదే. కానీ మందులిచ్చే ‘హకీం’తో కలిపేయకండి. ధాతువు ఒకటే అయినా దీర్ఘం ఎక్కడుందన్నదాన్ని బట్టి ఒకరు ఏలేవాడు, ఒకరు వైద్యుడు.

ఇక మన గుంటూరు అమ్మాయి వ్యాసానికి పనికొచ్చేది చెబుతా. స్మాయిలోవ్ 2024లో చేరిన ఆడిట్ చాంబరుకు ముందు పేరు ‘ఎసెప్ కమిటీ’, అంటే హిసాబు కమిటీ. 2022 జూన్‌లో రాజ్యాంగ సవరణల మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిగాక దాన్ని చాంబరుగా మార్చారు. దాని అధిపతి ఏడాదికి రెండుసార్లు ‘మజిలిస్’ ముందు నిలబడి నివేదిక ఇవ్వాలని ఆ సవరణల్లో పెట్టారు. మజిలిస్ అంటే ఆ సవరణల నాటికి అక్కడి దిగువసభ, 98 మంది సభ్యులు. హైదరాబాద్ వాళ్లకు ఈ మాట చెప్పాల్సిన పనిలేదు. అదీ సంగతి. ముందు ఖర్చు మంత్రి, తర్వాత హుకూమతుకు పెద్ద, ఆ పైన అదే ఖర్చుకు మజ్లిసులో హిసాబు చెప్పే మనిషి. ఆయన నౌకరీ మొత్తం పాత నైజాం దఫ్తరు మాటలతో చెప్పేయొచ్చు.

గుంటూరు అనువాదకురాలు:
మాస్టారూ, నోరూరిస్తున్నారు గానీ నా చిక్కు విడలేదు. ‘ఖర్చు మంత్రి’ అని వ్యాసంలో రాస్తే వెటకారం అనుకుంటారు.

డెస్కు మనిషి:
సరే, పనిలోకి వద్దాం. తెలుగు పత్రికల్లో ‘ఆర్థిక’ మీద మోయలేనంత బరువు పెట్టాం. ఆర్థిక మంత్రి అంటే ఫైనాన్స్. ఆర్థిక సర్వే అంటే ఎకనామిక్. ఆర్థిక సంవత్సరం మళ్లీ ఫైనాన్స్. ఆర్థిక మాంద్యం మళ్లీ ఎకానమీ. ఆర్థిక సంఘం ఫైనాన్స్, ఆర్థికవేత్త ఎకానమీ. ఇండియా వార్త అయితే పాఠకుడికి సందర్భం తెలుసు కాబట్టి నడిచిపోతోంది. రెండు శాఖలూ పక్కపక్కనే ఉన్న దేశం గురించి రాసేటప్పుడు బండారం బయటపడుతుంది. ఒక్క కజఖ్‌స్తానే కాదు, జర్మనీ వార్తలప్పుడూ ఇదే తంటా.

మరి మనకు మాటలు లేవా అంటే ఉన్నాయి, చెల్లాచెదురుగా ఉన్నాయి. ద్రవ్యలోటు, ద్రవ్య వినిమయ బిల్లు అంటాం. కోశాధికారి అంటాం. ప్రతి జిల్లాలో ఖజానా కార్యాలయం ఉంది, పింఛనుదారులకు బాగా తెలుసు. విత్తమంత్రి అనే మాట పత్రికల్లో అప్పుడప్పుడు కనిపిస్తూనే ఉంటుంది, ముఖ్యంగా శీర్షికలో చోటు చాలనప్పుడు. నా ఓటు దీనికే. ఫైనాన్సుకు ‘విత్త’, ఎకానమీకి ‘ఆర్థిక వ్యవస్థ’. “2014లో జాతీయ ఆర్థిక వ్యవస్థ శాఖ కింద గణాంక కమిటీ అధ్యక్షుడు, 2018లో విత్తమంత్రి.” ఇప్పుడు గందరగోళం ఉందా?

అచ్చతెలుగు అభిమాని:
విత్తమంత్రి హిందీ వార్తల వాసన కొడుతోంది.

డెస్కు మనిషి:
విత్తం తెలుగు నిఘంటువులో ఎప్పటినుంచో ఉంది. హిందీవాళ్లు వాడుకున్నారని మనం వదులుకోవాలా? ‘కోశమంత్రి’ అన్నా ఒప్పుకుంటాను, పాఠకుడు నిఘంటువు తీయాల్సి వస్తుంది, అంతే.

మదరాసు తెలుగు:
నాకు ‘ఖజానా మంత్రి’ నచ్చింది. పైగా కజఖ్‌లోనూ ఖజానా ఉంది, ‘కజీనా’. 2008లో రెండు సంస్థలను కలిపి ‘సమ్రుక్-కజీనా’ అనే నిధి పెట్టారు. చమురు, రైల్వే, యురేనియం కంపెనీల్లో సర్కారు వాటాల్లో ఎక్కువ భాగం దాని చేతిలోనే. మన దేశం యురేనియం కొనే కజాటంప్రోమ్ కూడా దాని గొడుగు కిందిదే. సమ్రుక్ అంటే ఫారసీ కథల్లో సీముర్గ్ అనే పెద్ద పక్షి.

వరంగల్ మాస్టారు:
ఖజానా మంత్రి అంటే డబ్బు పెట్టెకు కాపలా ఉన్నట్టుంటుంది. ఈయన చేసింది బడ్జెట్, పన్నులు, అప్పులు అన్నీ. పైగా ఆ నిధి పేరులో ఖజానా ఉంది కాబట్టి రెండూ కలిసిపోతాయి. నేనూ విత్తమంత్రికే ఓటు. నిధి పేరు మాత్రం ‘సమ్రుక్-కజీనా’ అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ‘కజీనా అంటే ఖజానాయే’ అని ఒక్క ముక్క చెప్పండి చాలు.

గుంటూరు అనువాదకురాలు:
సరే, విత్తమంత్రి ఖాయం. ఇంకొక్కటి. 2022 జనవరి 5 నుంచి 11 దాకా ఆయన ‘యాక్టింగ్’ ప్రధాని. ఆపద్ధర్మ ప్రధాని అని రాశాను. తప్పా?

డెస్కు మనిషి:
తప్పే అంటాను. మన వాడుకలో ఆపద్ధర్మ అంటే రాజీనామా ఇచ్చేసి, కొత్తవాళ్లు వచ్చేదాకా అదే కుర్చీలో కూర్చున్నాయన. 2018లో శాసనసభ రద్దయ్యాక కేసీఆర్‌ను డిసెంబరు ఫలితాల దాకా ఆపద్ధర్మ ముఖ్యమంత్రి అనే రాశాం. కజఖ్‌స్తాన్‌లో రాజీనామా ఇచ్చింది అస్కర్ మామిన్. ఆయన వెళ్లిపోయారు. మొదటి ఉపప్రధానిగా ఉన్న స్మాయిలోవ్‌ను కుర్చీలో కూర్చోబెట్టారు. ఇది ‘తాత్కాలిక ప్రధాని’. 2024లో స్మాయిలోవ్ దిగిపోయినప్పుడూ ఇదే జరిగింది. ఫిబ్రవరి 5న ఆయన దిగితే, ఆ మర్నాడు ఒల్జాస్ బెక్తెనోవ్ వచ్చేదాకా మొదటి ఉపప్రధాని రోమన్ స్క్లియార్ తాత్కాలికం. ఒక్కరోజు ముచ్చట.

వరంగల్ మాస్టారు:
వాడుక మీరన్నదే. కానీ శాంతిపర్వంలో ఆపద్ధర్మం అంటే రాజీనామా సంగతి కాదు. గడ్డుకాలం వచ్చినప్పుడు రాజు మామూలు ధర్మాన్ని పక్కనబెట్టి ఏం చేయవచ్చు అన్నది అక్కడి చర్చ. ఆ వారం అక్కడ వచ్చింది నిజంగా ఆపదే కదా. జనవరి 2న జనౌజెన్ పట్టణంలో బండ్లకు పోసే గ్యాసు ధర లీటరు 60 తెంగేల (అక్కడి నాణెం) నుంచి 120 అయిందని జనం రోడ్డెక్కారు. మూడు రోజుల్లో అల్మాటీ తగలబడింది, అత్యవసర పరిస్థితి పెట్టారు. కుర్చీ ఎక్కీ ఎక్కగానే ఈ లెక్కల మాస్టారి నెత్తిన పడింది ఆ గ్యాసు ధరే. ఆపద్ధర్మం అన్న మాటకు ఇంతకన్నా తగిన సందర్భం ఎక్కడ దొరుకుతుంది?

డెస్కు మనిషి:
మాస్టారూ, వ్యాసుడి లెక్కలో మీరే గెలిచారు. పత్రిక లెక్కలో నేను ఓడను. పాఠకుడు ‘ఆపద్ధర్మ’ చూడగానే ‘ఈయనే రాజీనామా చేశాడన్నమాట’ అనుకుంటాడు. అది తప్పుడు సమాచారం.

గుంటూరు అనువాదకురాలు:
‘తాత్కాలిక’ అనే పెడతాను. ఆపద సంగతి తర్వాతి వాక్యంలో చెప్తాను.

అల్మాటీ విద్యార్థి:
అక్కా, పేరు దగ్గర ఒక్క విషయం. ఇక్కడ అలీఖాన్ ఆయన సొంత పేరు, ఇంటిపేరు కాదు. మనవాళ్లు ‘అలీఖాన్ గారు’ అని ఖాన్‌ను ఇంటిపేరు చేసేస్తారు. స్మాయిలోవ్‌లో ఉన్నది ఇస్మాయిల్. కజఖ్ నోట్లో ముందున్న ఇ జారిపోయి స్మాయిల్ అయింది, ఓవ్ రష్యన్ తోక. రెండోసారి నుంచి ‘స్మాయిలోవ్’ అనే రాయండి.

గుంటూరు అనువాదకురాలు:
మంచిమాట చెప్పావు తమ్ముడూ. నాలుగో పేరాలో ‘ఖాన్ ప్రభుత్వం’ అని రాసి ఉంది, ఇప్పుడే దిద్దుతున్నాను.